నీలి అర్కం కాచిన రాగి గుండిగ

తూరుపుపాడు గోశాలలో శ్యామల అనే నల్లావు ఉంది. ఆ ఆవు పంచితాన్ని కాచి బట్టీ పట్టి దించిన అర్కం నీలంగా ఉంటుంది. ఆ నీలం సాక్షాత్తూ గోపాలుడి మేనిఛాయ. అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరినడిగినా ఈ మూడు మాటలనూ ఇదే వరసలో చెబుతారు. మొదటి మాట నిజం. రెండోదీ నిజమే, నీలి అర్కం నింపిన సీసాలు ఆ ఊరి బస్టాండులో కిళ్ళీకొట్టు వాడి దగ్గర కూడా దొరికేవి. మొదటి రెండూ నిజమైనప్పుడు మూడోది మాత్రం ఎందుకు కాకూడదని జనం దాన్ని కూడా కలిపి మింగేశారు. మింగినవాళ్ళంతా చదువురానివాళ్ళే అనుకునేరు. వాళ్ళలో బడిపంతుళ్ళున్నారు, ఇంజనీర్లున్నారు, ఒక పశువైద్యుడు కూడా ఉన్నాడు.

నేను ఒక రాగి గుండిగను. ఆ అర్కం దిగింది నా కడుపులోంచే. కనుక ఆ మూడో మాట గురించి చెప్పే అర్హత శ్యామల తర్వాత నాకే ఉందని నా నమ్మకం. శ్యామల చెప్పదు. దానికి మేత ఉంటే చాలు.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. మనుషులు నలుగురు చేరితే తమ వంశం ఏ మహర్షి దగ్గర మొదలైందో చెప్పుకుంటారు. నా వంశం పాత కరెంటు తీగలతోనూ, సొట్టపోయిన చెంబులతోనూ మొదలైంది. వాటిని కరిగించి రేకు తీసి, ఆ రేకును మౌనాచారి అనే కంచరి తన వాకిట్లో సుత్తితో కొట్టి నాకు రూపం తెచ్చాడు. ఆ దెబ్బల గుర్తులు చేపపొలుసుల్లా నా ఒంటి మీద ఇప్పటికీ ఉన్నాయి. పెద్ద పొట్ట, సన్నని మెడ, వెడల్పు పెదవి. రూపం కుదిరాక నన్ను నిప్పుల మీద బోర్లించి, కాలిన లోపలి గోడ మీద నవాసారం చల్లి, తగరం అంటించి, దూదితో గిరగిరా రుద్దారు. తెల్లని పొగ వచ్చింది. పొగ తగ్గేసరికి నా కడుపు లోపలంతా వెన్నెల పరిచినట్టు మెరిసింది. దాన్నే కళాయి అంటారు. బయట రాగిని, లోపల తగరాన్ని. ఇలా లోపలొకటి బయటొకటిగా బతికే నైపుణ్యం మనుషులకు సహజంగా వస్తుంది. మాకు మాత్రం డబ్బిచ్చి చేయించాలి.

నా మొదటి యజమాని అప్పంభొట్లు గారు పెళ్ళిళ్ళకు వంట చేసేవారు. ఆయన చేతికింద నేను కాచిన పప్పుపులుసులతో ఎన్ని కాపురాలు మొదలయ్యాయో లెక్క లేదు. అవి ఎలా సాగాయో నాకు తెలియదు. పులుసు మాత్రం బాగానే సాగింది. భొట్లు గారికి దేవుడి మీద ఎంత భక్తో కళాయి మీద అంతకు రెట్టింపు. ప్రతి పెళ్ళికీ ముందు నా లోపల తలదూర్చి, వేలితో తడిమి, ఎక్కడైనా ఎర్రని మచ్చ కనిపిస్తే ఇక ఆ పూట నన్ను పొయ్యి ఎక్కించేవారు కాదు. ఒకసారి పెళ్ళివారు తొందరపెట్టారు.

"ఏమయ్యా, చిన్న మచ్చేగా? ముహూర్తం దాటిపోతోంది."

"మచ్చ చిన్నదే బాబూ, చింతపండు పెద్దది," అన్నారాయన. "కళాయి పోయిన దాంట్లో పులుసు కాస్తే చిలుమెక్కుద్ది. పెళ్ళికొచ్చినోళ్ళందర్నీ తద్దినాలకి పంపమంటావా? వేరే గుండిగ తెప్పించు, పో."

ఆయన పోయాక నన్ను షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చే కొట్టువాడు కొన్నాడు. అప్పటికే అల్యూమినియం డేగిసాలు వచ్చేశాయి. నన్ను అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అడిగిన కొద్దిమందిలో ఒకడు, తన చెల్లెలి పెళ్ళని చెప్పి నన్ను వాగు ఒడ్డున తుమ్మచెట్ల మధ్యకు తీసుకుపోయాడు. అక్కడ పెళ్ళీ లేదు, చెల్లెలూ లేదు. పులిసిన బెల్లపునీళ్ళు నాలో పోసి, నా మూతకు చిల్లి పెట్టి రాగిగొట్టం బిగించి, ఆ గొట్టాన్ని నీళ్ళకుండలోంచి పోనిచ్చి సారా దించాడు. వస్తువు కాగుతుంది, ఆవిరి గొట్టంలోకి పోతుంది, చల్లబడి చుక్కలుగా దిగుతుంది. బట్టీ పట్టడమంటే ఇంతే. ఆ విద్య నాకు అక్కడే అబ్బింది. ఆబ్కారీవాళ్ళు వచ్చి, సారాని తాము తీసుకుని, నన్ను మాత్రం ముద్దాయిగా పట్టుకుపోయారు. కొన్నాళ్ళు స్టేషను వరండాలో ఎండకు ఎండాక నన్ను గొట్టంతో సహా వేలం వేశారు.

ఆ వేలంలో నన్ను పాడుకున్నవారే తాటికొండ పట్టాభిరామయ్య గారు.

పట్టాభిరామయ్య గారు రిజిస్ట్రారాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. పదవిలో ఉన్నంతకాలం ఒక్క దస్తావేజునూ రెండుసార్లు చదవకుండా సంతకానికి పంపని మనిషి. ఎవరి సొమ్మూ ఆశించలేదు, ఎవరి మాటా పడలేదు. రిటైరయ్యాక ఒక వారం రోజుల శిక్షణ శిబిరానికి వెళ్ళి, వైద్యుడై తిరిగివచ్చారు. దస్తావేజులను రెండుసార్లు చదివిన ఆ కళ్ళు, శిబిరంలో ఇచ్చిన పుస్తకాన్ని ఒక్కసారి కూడా ప్రశ్నించలేదు. ఉన్న ఎకరంలో పాక వేసి, ఒంగోలు ఆవులు నాలుగూ, శ్యామల అనే నల్లావూ తెచ్చి, 'శ్రీ గోపాల పంచగవ్య చికిత్సాలయం' అని బోర్డు పెట్టారు. ఆవుపాలు, పెరుగు, నెయ్యి, పేడ, పంచితం: ఈ అయిదూ కలిస్తే పంచగవ్యం. మొదటి మూడింటితో ఎవరికీ తగాదా లేదు. నేను కూడా పెళ్ళిళ్ళలో వాటిని ఎంతో ప్రేమగా మోశాను. పట్టాభిరామయ్య గారి అభిమానం మాత్రం అయిదోదాని మీదే పడింది.

సారా కాచిన పాపం పోవడానికి నన్ను ముందు పంచగవ్యంతో కడిగారు. మంత్రం చదివారు, పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. ఆబ్కారీవాళ్ళు ఎండబెట్టినా పోని పాపం అరగంటలో పోయింది. అప్పుడాయన నా లోపలికి తొంగిచూసి, మొహం చిట్లించారు.

"ఒరే నాసరయ్యా, ఇదేందిరా లోపల తెల్లగా?"

నాసరయ్య ఆవుల్ని చూసుకునే మనిషి. "కళాయండీ అయ్యగారూ. తగరం పూత."

"తగరమా? శుద్ధతామ్రంలో దించాలని కదా శాస్త్రం! ఈ తగరం అడ్డం పడితే రాగిలో ఉండే తేజస్సు అర్కంలోకి ఎట్టా దిగుద్ది? గీకెయ్."

"గీకేస్తే ఎట్టాగండీ..."

"నువ్వు గీకరా బాబూ. రాగిచెంబులో నీళ్ళు తాగితే సర్వరోగాలూ పోతాయని లోకమంతా చెబుతుంటే, మనం తగరంలో కాచుకు తాగుదామా?"

రాగిచెంబులో నీళ్ళ సంగతి ఆయనకు ఎవరో ఫోనులో పంపారు. నీళ్ళు వేరు, పంచితం వేరు అని ఆ పంపినవారు రాయలేదు. ఈయన అడగలేదు. నాసరయ్య నన్ను ఇనపరేకుతో గీకి, చింతపండూ ఇటుకపొడీ వేసి తోమాడు. నా వెన్నెల మురికికాలవలో కలిసింది. ఎర్రగా, నగ్నంగా మెరుస్తున్న నా కడుపును చూసి పట్టాభిరామయ్య గారు చేతులు జోడించారు. భొట్లు గారు బతికుంటే ఆ చేతుల్ని గరిటెతో కొట్టి ఉండేవారు.

ఆయన పద్ధతి ఇలా ఉండేది. పట్టిన పంచితాన్ని వెంటనే కాచరు. దానికి 'పక్వం' రావాలని కొన్నాళ్ళు మూతపెట్టి ఎండలో ఉంచుతారు. పక్వం వచ్చిన సంగతి మూత తీయకముందే వీధి మొత్తానికి తెలిసేది. కళ్ళు మండి, ముక్కులు అదిరేవి. ఆ ఘాటును నాలో పోసి, మూతకు గుడ్డ చుట్టి మట్టి మెత్తి, కింద పిడకలు వేస్తారు. ఆవిరి నా రాగి మెడను ఒరుసుకుంటూ, రాగిగొట్టం గుండా పోయి, రాగిచెంబులోకి దిగుతుంది. చెంబులోనే రాత్రంతా 'చంద్రకిరణాలు సోకడానికి' మూత లేకుండా ఉంచుతారు. మొదటి విడత మర్నాడు పొద్దున చెంబులోంచి సీసాలోకి వంచుతుంటే నాసరయ్య చేతులు ఆగిపోయాయి.

"అయ్యగారూ! నీలంగా ఉండాది!"

పట్టాభిరామయ్య గారు సీసాను ఎండకు ఎత్తిపట్టారు. నెమలికంఠం రంగు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కన శ్యామల గడ్డి నములుతోంది. నల్లావు, నీలిద్రవం, బోర్డు మీద గోపాలుడు. మూడూ పక్కపక్కనే ఉండేసరికి ఆయన మనసు వాటిని ముడివేసేసింది. అదే రాగి గుండిగ, రాగిగొట్టం, రాగిచెంబు కూడా అక్కడే ఉన్నాయి. మా వైపు ఎవరూ చూడలేదు. మహిమ కోసం వెతికే కళ్ళకు పాత్రలు కనబడవు.

ఆ మాట దావానలంలా పాకింది. జనం వచ్చారు. గిరాకీ పెరిగేసరికి శ్యామల ఒక్కతే సరిపోలేదు. నాసరయ్య మిగతా తెల్లావుల పంచితం కూడా కలిపేవాడు. అయినా నీలమే దిగింది. ఈ సంగతి తెలిసి పట్టాభిరామయ్య గారు మొదట కంగారుపడ్డారు, కాసేపాలోచించారు, ఆ తర్వాత తేరుకున్నారు. "శ్యామల గాలి సోకింది కదరా వాటికి! ఒకే పాకలో ఉంటున్నాయి," అన్నారు. తన నమ్మకానికి ఎదురువచ్చిన సాక్షిని ఆయన ఆ విధంగా తనవైపు సాక్షిగా మార్చుకున్నారు. రిజిస్ట్రారాఫీసులో ఎవరైనా ఇలాంటి మార్పు చేసి ఉంటే ఆ దస్తావేజును మొహాన కొట్టేవారు.

అర్కం తాగినవాళ్ళలో కొందరికి వాంతులయ్యేవి. "దోషం బయటికొస్తోంది, మంచిదే," అనేవారాయన. వాంతులు కానివాళ్ళకు "దోషం లోపలే కాలిపోయింది" అనేవారు. కడుపునొప్పి వచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. బాగున్నవాళ్ళు మళ్ళీ వచ్చి, బాగుందని చెప్పారు. కనుక గోశాలలో వినబడిన గొంతులన్నీ బాగున్నవాళ్ళవే. రానివాళ్ళు ఎందుకు రాలేదని అడిగే అలవాటు ఏ చికిత్సాలయానికీ ఉండదు, మాకూ లేదు.

ఇదంతా నాకు ఒక వేడుకలా ఉండేది, రుక్మాయమ్మ గారి సంగతి రాకపోతే.

ఆమె పట్టాభిరామయ్య గారి భార్య. మోకాళ్ళ నొప్పులు. అంతకుమించి జబ్బు లేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన మాట దాటలేదు. ఆయన కాఫీ మానితే తానూ మానింది, ఆయన ఉల్లి మానితే తానూ మానింది. ఆయన వైద్యుడైతే తాను మొదటి రోగి అయింది. భార్య మీద ప్రేమ కొద్దీ ఆయన రోజూ తొలిధార ఆమెకే ఇచ్చేవారు. తొలిధార అంటే అన్నిటికన్నా చిక్కని నీలం. గ్లాసు పుచ్చుకుని ఆమె కళ్ళు మూసుకునేది, ఒక్క గుక్కలో తాగేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

కొన్నాళ్ళకు ఆమెకు అన్నం సహించలేదు. "నోరంతా పైసాబిళ్ళ చప్పరించినట్టుందండీ," అంది ఒకరోజు. తర్వాత వాంతులు మొదలయ్యాయి. తర్వాత పాకలోకి వచ్చినప్పుడు నాసరయ్య ఆమె మొహంలోకి చూసి ఉలిక్కిపడ్డాడు.

"అమ్మగారూ, కళ్ళేందమ్మా పసుపు రాసినట్టుండాయి?"

"నిద్రలేక," అంది ఆమె.

ఒంగోలులో ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి సంగతి నేను చూడలేదు. తిరిగివచ్చాక పొయ్యి దగ్గర చెప్పుకున్నది విన్నాను. కాలేయం దెబ్బతింటోందని డాక్టర్లు చెప్పారట. చేరమన్నారట. ఈమధ్య ఏమేం మందులు వాడుతున్నారని అడిగారట. "మందులేమీ లేవండీ, ఇంటి భోజనమే," అని చెప్పారట పట్టాభిరామయ్య గారు. ఆయన అబద్ధమాడలేదు, ఆయన గురించి అంతవరకు నేను హామీ ఇవ్వగలను. బోర్డు మీద రాసినప్పుడు అర్కం మందు. ఆసుపత్రిలో అడిగినప్పుడు అది ప్రసాదం. ప్రసాదం తిన్నామని ఏ డాక్టరుకైనా ఎవరైనా చెబుతారా? ఏమీ తెలియకపోవడంతో డాక్టర్లు కామెర్లకు రాసే రక్తపరీక్షలన్నీ రాశారు. రాగి కోసం వెతకాలని ఎవరికీ తట్టలేదు. రుక్మాయమ్మ గారు అక్కడ ఉండనంది. "ఆయన అర్కం మీదే నాకు గురి," అని ఇంటికి వచ్చేసింది. ఆయన మురిసిపోయి, ఒక గ్లాసుకు రెండు గ్లాసులు చేశారు.

ఆమెను పాక ముందు నులకమంచం మీద పడుకోబెట్టారు. మొహం పండిపోయిన ఆకులా ఉంది. అప్పుడు వచ్చింది హైమవతి.

హైమవతి పట్టాభిరామయ్య గారి స్నేహితుడి కూతురు. పక్క మండలంలో ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీలో డాక్టరు. మంచం పక్కన కూర్చుని, రుక్మాయమ్మ గారి రెప్పలు ఎత్తి చూసింది, నాలుక చూసింది, గ్లాసు అడుగున మిగిలిన నీలం చూసింది. తర్వాత లేచి నేరుగా నా దగ్గరకు వచ్చింది. మూత తీసి, భొట్లు గారు పెట్టినట్టే లోపల వేలు పెట్టి తడిమింది. ఎన్నాళ్ళ తర్వాతో ఒక మనిషి నా లోపలికి చూసింది.

"బాబాయిగారూ, దీని కళాయి ఏది?"

"తీయించానమ్మా. శుద్ధతామ్రం."

"శుద్ధతామ్రమా?" అందామె. "శుద్ధి చేయని రాగిని ఒంట్లోకి పంపితే విషం కన్నా ఎక్కువని రాసినవాళ్ళు మన పాతవైద్యులే. వాంతులు, మంట, కళ్ళు తిరగడం, అన్నీ రాసిపెట్టారు. మీ శిబిరంలో ఆ పేజీ చింపేశారా?"

"హైమా! గోమాతను..."

"ఆవుని నేనొక్క మాట అనలా. నా డిస్పెన్సరీలో పంచగవ్యం వేసి కాచిన నెయ్యి ఉంది, రాయాల్సినవాళ్ళకి రాస్తూనే ఉన్నా. దాంతో కీళ్ళ నొప్పులు పోతాయని, సుగరు పోద్దని నేనెవరికీ చెప్పను, తేలాల్సింది చాలా ఉంది. అది వేరే గొడవ. ఇప్పుడు నా పేచీ ఈ గుండిగతో. మీరు పిన్నిగారికి రోజూ పోస్తున్నది రాగి."

"రాగి ఎర్రగా ఉంటది కదమ్మా, అర్కం నీలంగా ఉంటే!" అన్నారాయన. చుట్టూ సీసాల కోసం వచ్చిన జనం నవ్వారు. డాక్టరమ్మను భలే ఇరికించారని ఒకాయన తొడ చరిచాడు.

హైమవతి నవ్వలేదు. "సరే. ఈ గుండిగ లేకుండా, గొట్టం లేకుండా, చెంబు లేకుండా ఒక్కసారి దించుదాం. గాజులో. ఆవు మీదే, పంచితం మీదే, పిడకలూ మీవే. నీలం వస్తే నేనే పిన్నిగారి నోట్లో పోస్తా. రాకపోతే ఈపూటే ఆసుపత్రికి తీసుకుపోదాం. ఆవిడ ఏం తాగిందో డాక్టర్లకి మీ నోటితో మీరే చెప్పాల."

"శ్యామల మహిమకి పాత్రతో పనేముంది?" అన్నారు పట్టాభిరామయ్య గారు గొంతు పెంచి. "గాజులో దించినా నీలమే. ఇంతమందిలో చెబుతున్నా."

జూనియరు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే కోటిలింగం గారు గాజుసామాను తెచ్చి అమర్చారు. నా పక్కనే, నాకు పోటీగా. పట్టాభిరామయ్య గారు తలస్నానం చేసి వచ్చి గాజుబుడ్డికి కుంకుమబొట్టు పెట్టారు. కోటిలింగం గారు బొట్టు ఆరే దాకా ఆగారు. తెల్లావులది కలవకుండా శ్యామల పంచితమే, పక్వానికి వచ్చినదే, పోశారు. కింద నిప్పు పెట్టారు. జనం మెడలు సాచారు. గోపాలకృష్ణుడి భజన ఎవరో మొదలుపెట్టారు.

ఆవిరి గాజుగొట్టంలో పాకింది. గాజు కాబట్టి ఆ పాకడం అందరికీ కనిపించింది. అదివరకు ఆ దృశ్యం నా ఒక్కదానికే తెలుసు. చివర ఒక చుక్క పోగయింది, ఊగింది, పడింది. దాని వెనక మరొకటి. గాజుగ్లాసు అడుగు తడిసింది, నిండింది. భజన ఒక్కొక్క గొంతే తగ్గుతూ ఆగిపోయింది.

గ్లాసులో ఉన్నది నీళ్ళలా ఉంది. వాసన మాత్రం పాతదే.

"ఇంకాసేపు చూద్దాం," అన్నారు పట్టాభిరామయ్య గారు. చూశారు. గ్లాసును ఎండకు ఎత్తారు, నీడకు దించారు, తిప్పి చూశారు. గ్లాసు నీలం కాలేదు. "గాజుకి... గాజుకి ఆ యోగ్యత ఉండదు. అది ఇసకతో చేసింది. రాగి అయితే దేవతల..." మాట వెతుక్కుంటున్నారు. జనంలో తొడ చరిచిన పెద్దమనిషి అప్పుడే తల ఊపడం మొదలుపెట్టాడు. "అవునండీ, గాజుకి యోగ్యతేముంది," అన్నాడు. ఇంకొక్క క్షణం గడిస్తే ఆ మాట నిలబడిపోయేది. నీలం వచ్చినా మహిమే, రాకపోయినా మహిమే అయిపోయేది. అటువంటి వాదాలు ఓడిపోవడం నేనెన్నడూ చూడలేదు.

ఇంతలో మంచం మీద అలికిడి అయింది. రుక్మాయమ్మ గారు మోచేతి మీద లేచి చెయ్యి చాచింది.

"ఇటివ్వండి. ఏ రంగైతే ఏముంది? మీరిస్తే తాగుతా."

పట్టాభిరామయ్య గారు గ్లాసు పట్టుకుని ఆమె దాకా వెళ్ళారు. పసుపుపచ్చని ఆ అరచెయ్యి ఆయన ముందు తెరుచుకుని ఉంది. గోళ్ళు కూడా పచ్చబడ్డాయి. ఆయన దాని వైపు చూశారు. దస్తావేజులను రెండోసారి చదివేటప్పుడు ఆ కళ్ళు ఎలా ఉండేవో నాకు తెలియదు. అప్పుడు అలాగే ఉండి ఉంటాయని అనుకుంటున్నాను. ఆయన గ్లాసు ఇవ్వలేదు.

"వద్దే," అన్నారు చాలా చిన్నగా.

"అదేంది? రోజూ ఇస్తారుగా?"

"వద్దంటున్నా కదంటే!" అని అరిచారు. ఆ అరుపుకు శ్యామల కూడా తలెత్తింది. గ్లాసును నేలమీద వంచేసి, వెనక్కి తిరిగి, "నాసరయ్యా, ఆటో పిలువు. హైమా, పద, ఆ డాక్టర్ల దగ్గరికి. మందులేమీ లేవని చెప్పింది నేనే. నేనే చెప్పాల," అన్నారు. నిన్నటి నీలి అర్కం సీసా ఒకటి చేతిలో పట్టుకుని, సాక్ష్యానికి, ఆటో ఎక్కారు.

ఆసుపత్రిలో ఆయన జనం ముందే చెప్పారట. ఎన్నాళ్ళుగా పోశారో, ఎంతెంత పోశారో, కళాయి గీకించింది ఎవరో, అన్నీ. రక్తంలో రాగి కోసం చూశారు; ఉండాల్సినదాని కన్నా ఎంతో ఎక్కువ ఉంది. రాగిని పట్టి ఒంట్లోంచి బయటికి పంపే మాత్రలు ఇచ్చారు. రుక్మాయమ్మ గారు కోలుకోవడానికి చాలాకాలం పట్టింది గానీ కోలుకుంది. మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. వాటికి హైమవతి నూనె ఇచ్చింది. దానివల్ల తగ్గాయని మాత్రం ఎవరూ అనలేదు, హైమవతి కూడా అనలేదు. పట్టాభిరామయ్య గారు బోర్డు దించేశారు. ఆవుల్ని ఉంచుకున్నారు. పాలు తాగుతున్నారు, పేడ పొలానికి తోలుతున్నారు.

నన్ను మాత్రం పాకలో ఉంచలేకపోయారు. నన్ను చూస్తే ఆయన మొహం తిప్పుకునేవారు. తప్పెవరిదైనా చివరికి పాత్రల్ని విసిరేయడం మనుషుల ఆచారం. నాకు కొత్తేమీ కాదు. నాసరయ్య నన్ను తుక్కుకొట్టుకు వేశాడు. కొట్టువాడు నన్ను తిరగేసి చూసి, "లోపలంతా తినేసిందేందిది?" అన్నాడు. నిజమే. నా లోపలి గోడ కాగితంలా పలచబడింది. మెడ దగ్గర వేలు పట్టే చిల్లి పడింది. ఆ చిల్లి మేర రాగి ఎక్కడికి పోయిందో అర్కం కొన్నవాళ్ళ పొట్టల్ని అడగాలి.

తూరుపుపాడు జనం మాత్రం ఇంకా నమ్ముతూనే ఉన్నారు. నీలి అర్కం ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దాని విలువ మరీ పెరిగింది. గాజుబుడ్డి పెట్టి పరీక్షించినందుకు శ్యామలకు కోపం వచ్చి మహిమ వెనక్కి తీసుకుందని చెప్పుకుంటున్నారు. కిళ్ళీకొట్టులో మిగిలిపోయిన ఒక సీసాను ఎవరో దేవుడి గూట్లో పెట్టుకున్నారని కూడా విన్నాను. ఈ కథ నేను వాళ్ళకు చెప్పలేను. చెప్పినా, గుండిగ మాట్లాడిందని నాకే దీపం పెడతారు.

తుక్కుకొట్టులో నన్ను ముక్కలు చేసేటప్పుడు కోటిలింగం గారు వచ్చి, నా మెడ దగ్గరి ముక్క ఒకటి అడిగి పుచ్చుకుపోయారు. కాబట్టి ఇప్పుడు నేను రెండుచోట్ల ఉన్నాను. ఎక్కువ భాగం కొలిమికి పోయి తీగలుగా సాగింది. మిగిలిన ముక్క జూనియరు కాలేజీ ప్రయోగశాలలో, కిటికీ పక్క బల్ల మీద, ఒక గాజుసీసాలో ఉంది. కోటిలింగం గారు ఆ సీసాలో కంపెనీ నుంచి వచ్చిన అమ్మోనియా ద్రావణం పోశారు (పక్వానికి వచ్చిన పంచితంలో ముక్కులదరగొట్టిన ఘాటు కూడా ఈ అమ్మోనియాదే), నన్ను అందులో వేశారు, గాలి తగిలేలా మూత వదులుగా పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి చూసేసరికి సీసా అంతా నెమలికంఠం రంగులో చిక్కని నీలంగా ఉంది. ఆ గదిలోకి ఏ ఆవూ రాలేదు.